పాలపరీక్షయు గది వేడిమియు



పరీక్షాలయములనుండి వచ్చు కాగితములలో తరచుగా కనబడు మాట యొకటి కలదు. "గది ఉష్ణోగ్రతవద్ద పరీక్షింపబడినది" అనునదియే యా మాట. చదువువారు సాధారణముగా దీనిని దాటి, క్రిందనున్న అంకెను చూతురు. కాని ఆ అంకె నిజమో కాదో తేల్చునది ఈ చిన్న మాటయే. దీనిని మరచినచో నిర్దోషి దోషిగా నిలుచును. దోషి తప్పించుకొని పోవును. మన యూళ్లలో ప్రతిదినము జరుగు పాలపరీక్షను ఉదాహరణముగా గైకొని ఈ సంగతిని మనవి చేసెదను.

కొన్ని సంవత్సరములకు పూర్వము రోహిణికార్తెలో ఒకనాటి సాయంకాలము నేను ఒక పాలకేంద్రమువద్ద నిలిచియుంటిని. రెండావులను పెట్టుకొని బ్రతుకుచున్న యొక వృద్ధురాలు పాలు తెచ్చినది. అచ్చటి గుమాస్తా లాక్టోమీటరును పాలలో విడిచి చూచెను. ముల్లు వంటి ఆ కాడ 24½ గీతవద్ద నిలిచినది. ఆ కేంద్రమువారు పెట్టుకొన్న హద్దు 28. "నీళ్లు కలిపినావమ్మా, ఈ పాలు తీసికొనము" అని గుమాస్తా పాలను త్రిప్పివేసెను. ఆమె నావైపు తిరిగి, "పంతులుగారూ, ఒక్క చుక్క నీళ్లు కలిపితే నా దూడలమీద ఒట్టు" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆనాటి పాలడబ్బులకంటె, పదిమంది యెదుట పోయిన మాటకే యామె యెక్కువగా కుమిలినది.

గుమాస్తా అబద్ధమాడలేదు, అతని కన్నులు చూచినది 24½ గీతయే. ఆమెయు అబద్ధమాడలేదు. మరి భేదమెక్కడ కలిగినది?

లాక్టోమీటరనగా అడుగున బరువును, పైన సన్నని కాడయు గల గాజుబుడ్డి. చిక్కని ద్రవములో అది పైకి తేలును. పలుచని ద్రవములో లోతుగా మునుగును. వేయి గ్రాముల నీరు పట్టు పాత్రలో స్వచ్ఛమైన పాలు పోసి తూచినచో సుమారు 1028 మొదలు 1032 గ్రాముల వరకు తూగును. ఈ వేయికి మీదనున్న భాగమునే కాడమీది గీతలు తెలుపును. 28 గీతయనగా 1028 అని యర్థము. నీరు కలిపినకొలది పాలబరువు నీటిబరువునకు దగ్గరగును గనుక గీత తగ్గును. ఇంతవరకు గుమాస్తా యెరిగినదే.

అతడు మరచినది వేడిమిని. బండిచక్రమునకు ఇనుపపట్టా తొడుగునపుడు కమ్మరి దానిని ఎఱ్ఱగా కాల్చుట మీరందరు చూచినదే. కాలిన పట్టా సాగి చక్రముమీద సులభముగా దిగును; చల్లారినపిమ్మట బిగిసిపోవును. పాలును అట్లే వేడికి వ్యాకోచించును. అదే బరువు గల పాలు ఎక్కువ చోటును ఆక్రమించుటచేత పలుచనగును. లాక్టోమీటరు మరికొంత మునిగి తక్కువ గీతను చూపును. నీరు కలిపినను గీత తగ్గును. వేడెక్కినను గీత తగ్గును. ఆ బుడ్డికి ఈ రెంటి భేదము తెలియదు.

అందుచేతనే ప్రతి లాక్టోమీటరును ఏదో యొక నియతమైన వేడిమికి సరిపడునట్లు గీతలు గీసి చేయుదురు. కొన్నిటిని ఫారన్‌హీటు 60 డిగ్రీలకు, అనగా సెంటిగ్రేడు పదిహేనున్నరకు చేసిరి. కొన్నిటిని మన దేశపు వేడికి తగినట్లు సెంటిగ్రేడు 27 డిగ్రీలకు చేసిరి. ఆ అంకె కాడలోని కాగితముమీదనే యుండును. 60 డిగ్రీల సాధనమునకు వాడుకలోనున్న సూత్రమిది: పాలవేడి 60కి మించిన ఒక్కొక్క ఫారన్‌హీటు డిగ్రీకిని గీతలో పదియవవంతు కలుపవలెను; తగ్గినయెడల తీసివేయవలెను.

నేను గుమాస్తాను బ్రతిమాలి ఉష్ణమాపకము తెప్పించితిని. కాడమీద 60 అని యున్నది. పాలవేడి 90 డిగ్రీలు. భేదము 30 డిగ్రీలు గనుక మూడు గీతలు కలుపగా 27½ అయినది. ఇంకను అరగీత కొరత. "చూచితిరా పంతులుగారూ" అని గుమాస్తా యనెను. నేను తొందరపడవలదంటిని. ఏలయనగా ఈ పదియవవంతు సూత్రము సాధనపు అంకెకు సమీపముననే నమ్మదగినది. మిక్కిలి దూరమున పాలు సూత్రము చెప్పినదానికంటె కొంచె మెక్కువగా వ్యాకోచించును. సోడాదుకాణమునుండి మంచుగడ్డ తెప్పించి, నీటిలో వేసి, పాలచెంబును అందులో నిలిపితిమి. పాలు 70 డిగ్రీలకు చల్లబడిన వెనుక, నురుగు రాకుండ మెల్లగా కలియబెట్టి చూడగా 27½ చూపినది. పది డిగ్రీలకు ఒక గీత కలుపగా 28½. పాలలో ఎవరును ఏమియు కలుపలేదు, తీయలేదు. వేడిమి మాత్రము మారినది. గుమాస్తా పాలు కొలిచికొని, ఆమెతో "తప్పు నాదేనమ్మా" అనెను. అతడు మంచివాడే, అతనికెవ్వరును ఆ అంకెను చూపియుండలేదు.

తర్కశాస్త్రమెరిగినవారికి ఇందలి దోషము వెంటనే స్ఫురించును. "ఈ పాలు తేలికగా నున్నవి, కావున వీనిలో నీరున్నది" అనుట సవ్యభిచారమగు హేతువు. తేలికదనము నీరులేని చోటను ఉండవచ్చును. పితికినవెంటనే పరీక్షించిన పాలు కొన్ని గంటలు నిలిచిన పాలకంటె రవంత తేలికగా నుండును. వెన్న యెక్కువగానున్న పాలును తేలికయే. ఇట్టి హేతువుతో శిక్ష విధించరాదు.

ఇక రెండవ ప్రక్కను చూడుడు. మీగడ తీసినచో పాలు బరువెక్కి గీత పెరుగును. నీరు పోసినచో తగ్గును. రెండు పనులును చేసిన మోసగాని పాలు సరిగా 28 గీతవద్దనే నిలుచును! అందుచేత వెన్నపాలును వేరుగా కొలువవలెను. స్విట్జర్లాండు దేశస్థుడగు గెర్బరు 1891వ సంవత్సర ప్రాంతమున కల్పించిన పద్ధతిలో పాలకు గంధకామ్లము చేర్చి, యంత్రమున గిరగిర త్రిప్పి, వెన్నను వేరుపరచి కొలుతురు. అందులోను గొట్టమును సెంటిగ్రేడు 65 డిగ్రీల వేడినీటిలో నుంచియే గీత చదువవలెనని నియమము. అక్కడను వేడిమియే సాక్షి.

చిక్కదనమునకై గంజిపిండి కలిపిరను అనుమానము కలిగినచో అయొడీను చుక్కలతో పరీక్షింతురు. పాలను మరగించి, పూర్తిగా చల్లార్చి, అటుపిమ్మట చుక్కలు వేయగా పిండి యున్నచో నీలివర్ణము కనబడును. కాగుచున్న పాలలోనే వేసినచో నీలివర్ణము నిలువదు. పిండియున్న పాలును స్వచ్ఛమైనవిగా తోచును. ఇచ్చట తొందరపాటు దోషిని విడిచిపెట్టినది.

మరి "గది ఉష్ణోగ్రత" యనగా నెంత? ఏ దేశపు గది? మాఘమాసపు గదియా, జ్యేష్ఠమాసపు గదియా? ఈ సందేహము పరీక్షాలయములవారికిని కలిగినదే. పొడవుల కొలతకు 20 డిగ్రీల సెంటిగ్రేడును అంతర్జాతీయముగా 1931లో అంగీకరించిరి. చలిదేశములవారు సాధారణ పరీక్షలకు 20గాని 23గాని గ్రహించిరి. మన దేశమున భారతీయ ప్రమాణముల ప్రకారము 27 డిగ్రీలును, గాలిలో నూటికి 65 పాళ్ల తేమయు నియమింపబడినవి. వేడియందు రెండు డిగ్రీలు, తేమయందు ఐదు పాళ్లు అటునిటు క్షమింతురు. తేమ యెందులకనిన, నూలుదారము తడిసినచో బలము పెరుగును, కాగితము తడిసినచో బలము తగ్గును. సిమెంటుదిమ్మలను బలము పరీక్షించుటకు ముందు 27 డిగ్రీల నీటిలోనే యుంచుదురు. వేడియెక్కువైనచో సిమెంటు త్వరగా గట్టిపడును, చలిలో ఆలస్యమగును. మే నెలలో ఒకడు, పుష్యమాసములో మరియొకడు తోచినట్లు పరీక్షించినచో రెండు బస్తాలను పోల్చుట కేవలము వృథా.

కాబట్టి పెద్దలు తగవు తీర్చుటకు కూర్చుండినపుడు మూడు ప్రశ్నలు వేయవలెనని నా ప్రార్థన. మొదటిది: ఈ సాధనము ఏ వేడిమికి చేయబడినది? రెండవది: పరీక్షించినపుడు పదార్థపు వేడి యెంత? మూడవది: ఆ రెంటి భేదమును సరిచేసిరా, లేక పదార్థమును చల్లార్చి మరల చూచిరా? వీనికి ఉత్తరము లేని అంకె సాక్ష్యము కాదు. ఊరి పాలకేంద్రమున లాక్టోమీటరు ప్రక్కనే ఉష్ణమాపకమొకటి వ్రేలాడవలెను. దాని వెల స్వల్పము. అప్పటికిని అనుమానము తీరనిచో 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ననుసరించి, కొన్నవారు ఆ సంగతిని అమ్మినవారికి ముందుగా తెలిపి, రుసుము చెల్లించి, ఆహార విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకొనవచ్చును.

తూనికలో రాయి సరిగా నున్నదా యని చూచుట మన పెద్దల యాచారము. వేడిమియు అట్టి రాయియే. కంటికి కనబడదు గాని తక్కెడలో నున్నది. దానిని చూడనిదే ఒకరిని దొంగ యనకుడు. మరియొకరిని దొర యనకుడు.