థాయ్ భాషలో మీద, కింద, పక్కన

బడిలో సప్తమీ విభక్తి అంటే ‘అందు, ఇందు, న’ అని వల్లించి మార్కులు తెచ్చుకున్నాం. ఇంట్లో మాత్రం మనకు పనికొచ్చేవి లో, మీద, కింద, పక్కన అనే మాటలే. అవి లేకపోతే చెంబు ఎక్కడుందో కూడా చెప్పలేం. కొత్త భాష నేర్చుకునేవాడికి మొదట కావలసినవీ అవే. నేను సైన్సు విద్యార్థిని, వ్యాకరణం నా సబ్జెక్టు కాదు. అయినా సెలవుల్లో సరదాగా మొదలుపెట్టిన థాయ్ భాషలో ఈ చిన్న మాటల దగ్గరే ఎక్కువ రోజులు ఆగిపోయాను. ఫ్రెంచి, జర్మను నేర్చుకుంటే గొప్ప అనుకుంటాం గాని, బంగాళాఖాతం దాటితే వచ్చే భాష మనకెందుకు పట్టదో నాకర్థం కాదు.

మొదటి సంగతి వరస. మనం ‘బల్ల మీద’ అంటే వాళ్ళు ‘మీద బల్ల’ అంటారు: బొన్ తొ. బొన్ అంటే మీద, తొ అంటే బల్ల. అలాగే బాన్ అంటే ఇల్లు. నై బాన్ ఇంట్లో, నా బాన్ ఇంటి ముందు, లంగ్ బాన్ ఇంటి వెనక. ఇక్కడ మనకొక సుఖం ఉంది. తెలుగులో ఇల్లు కాస్తా ‘ఇంటి’ అవుతుంది, నుయ్యి ‘నూతి’ అవుతుంది, ఏరు ‘ఏటి’ అవుతుంది. థాయ్‌లో బాన్ ఎప్పుడూ బానే. పాపం, తెలుగు నేర్చుకునే థాయ్‌వాడి పాట్లు వేరు!

రెండో సంగతి, మన ‘ఉంది’కి అక్కడ రెండు మాటలున్నాయి. ‘పెన్ను బల్ల మీద ఉంది’ అనాలంటే పాక్‌కా యూ బొన్ తొ. పెన్ను సంగతి ముందే తెలుసు, అది ఎక్కడుందో చెబుతున్నాం, కనుక యూ. ‘బల్ల మీద ఒక పెన్ను ఉంది’ అని కొత్తగా చెప్పాలంటే బొన్ తొ మీ పాక్‌కా. ఇక్కడ మీ. తెలుగులో మాటల వరస మార్చి సరిపెట్టుకుంటాం, వాళ్ళు క్రియనే మారుస్తారు. ‘ఎక్కడ?’ అని అడగడానికి చివర థీ నై చేరిస్తే చాలు: పాక్‌కా యూ థీ నై? ఈ నై స్వరం పైకి లేస్తుంది. ‘లో’ అనే నై చదునుగా ఉంటుంది.

తై అంటే కింద. పల్లెల్లో పాతకాలపు థాయ్ ఇళ్ళు స్తంభాల మీద లేస్తాయి. ఇంటి కింద ఖాళీ జాగాకు తై థున్ అని పేరు. గేదెలను కట్టేసేది, పనిముట్లు పెట్టుకునేది, మధ్యాహ్నం నీడకు కూర్చునేది అక్కడే. ఖ్వాయ్ యూ తై థున్ అంటే గేదె ఇంటి కింద ఉంది. మా ఊళ్ళో ఈ మాట అంటే నవ్వుతారు, మాకు గేదె ఉండేది కొట్టంలో. ఇదే తై దక్షిణ దిక్కుకు కూడా పేరు. పైన అనే మాట నూఅ (పెదవులు గుండ్రం చేయకుండా ‘ఊ’ అనాలి), అది ఉత్తరానికి పేరు. వాళ్ళ పెద్ద నది చావ్ ఫ్రయా కూడా ఉత్తరాన్నించి దక్షిణానికి దిగి సముద్రంలో కలుస్తుంది. పడమరకు తవన్ తొక్, అంటే పొద్దు పడే దిక్కు. మన ‘పడమర’లో ఉన్నదీ ఆ పడడమే.

ఖాంగ్ అంటే పక్క. ఖాంగ్ ఖాంగ్ అంటే పక్కనే. వస్తువు పేరు చెప్పకుండా ‘పైన’, ‘లోపల’ అనాలంటే దీన్ని ముందు తగిలిస్తారు: ఖాంగ్ బొన్, ఖాంగ్ నై. ఖాంగ్ లంగ్ వెనక, ఖాంగ్ లాంగ్ కింద. ఈ హ్రస్వదీర్ఘాల తేడా మన చెవికి వెంటనే దొరుకుతుంది. క, ఖ తేడా కూడా అంతే, ఇంగ్లీషువాళ్ళు దీనికి నానా తంటాలు పడతారు.

మన లిపికి అందనిది స్వరం. థాయ్‌లో స్వరాలు ఐదు. ‘నా’ అనే ఒక్క అక్షరం తీసుకోండి. చదునుగా అంటే వరి పొలం. పైనుంచి కిందికి పడేస్తే ముఖం, దానినుంచే ‘ముందు’ అనే అర్థం. ఎత్తులో పలికితే అమ్మకు చెల్లెలో, తమ్ముడో. కిందినుంచి పైకి లేపితే మందం. అణిచి పలికితే నోయ్‌నా అనే సీతాఫలం పేరులో రెండో ముక్క. గేదె పొలంలో ఉందా, ఇంటి ముందు ఉందా అన్నది రైతుకు చిన్న విషయం కాదు గదా. నోటితో వందసార్లు అంటే తప్ప ఇది రాదు, కాగితం మీద నేను ఎంత రాసినా లాభం లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన జంట ఒకటుంది. దగ్గర అంటే క్లై. దూరం అన్నా క్లై! మొదటిది కిందికి పడుతుంది, రెండోది చదునుగా పోతుంది. మా మేనమామగారబ్బాయి బ్యాంకాకు దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. చేరిన కొత్తలో జ్వరం వచ్చి, ఆసుపత్రి దగ్గరేనా అని అడగబోయి చదునుగా క్లై అన్నాడట. అవతలివాళ్ళు ‘మై క్లై’, దూరం కాదు, అన్నారు. మా బావకు అది ‘దగ్గర కాదు’ అని వినిపించింది. రెండు వీధుల అవతల ఉన్న ఆసుపత్రికి, ఒళ్ళు కాలిపోతుంటే, బండి కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. పల్లెనుంచి ఒంటరిగా పోయినవాడికి, ఆ పూట ఎవరూ తెలియని చోట, ఇది వ్యాకరణ సమస్య కాదు.

థాయ్‌వాళ్ళు ‘దగ్గరే’ అనడానికి తరచు క్లై క్లై అని రెండుసార్లు అంటారు. అలా విన్నంత మాత్రాన దగ్గరేనని నడవకూడదు, దూరాన్ని కూడా రెండుసార్లు అనవచ్చు, స్వరం వినాల్సిందే. బావ ఇప్పుడు ఆ మాట జోలికే పోడు. ‘కీ కిలో?’ అంటాడు, ఎన్ని కిలోమీటర్లు అని. జవాబు అర్థం కావడానికి నుంగ్, సోంగ్, సామ్ అని మూడు దాకా అంకెలు వస్తే చాలునట. నాలుగో అంకె వినిపిస్తే ఎలాగూ బండి ఎక్కాల్సిందే.