‘వు’ వచ్చిందంటే వికెట్టు పడినట్టే!

అంత్యాక్షరి ఆడని విద్యార్థి మన కాలేజీలో లేడంటే అతిశయోక్తి కాదు. హాస్టల్లో కరెంటు పోయినా, బస్సు దారిలో ఆగిపోయినా మొదలయ్యేది ఆ ఆటే. మా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు చూడటానికి వచ్చే విద్యార్థుల బస్సుల్లోంచి కూడా, నాపరాయి లారీల దుమ్ములో సైతం, పాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఆట అందరికీ తెలిసిందే. ఒకరు పాడిన పాట ఏ అక్షరంతో ఆగితే, ఆ అక్షరంతో రెండోవాళ్లు ఎత్తుకోవాలి. అయితే కొన్ని అక్షరాల దగ్గర ఎంతటి గాయకుడైనా నోరెళ్లబెడతాడెందుకు? నేను చదివేది సైన్సు. కారణం లేకుండా ఏదీ జరగదని మా లెక్చరర్లు చెబుతుంటారు గదా, ఆ కారణం వెదికాను. అది పాటల్లో లేదు, వ్యాకరణంలో ఉంది.

ముందు ‘వు’ సంగతి చూద్దాం. తెలుగు అజంత భాష. అంటే మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందులోనూ క్రియల తోకలు చూడండి: నేను వస్తాను, నువ్వు వస్తావు, వాడు వస్తాడు, ఆమె వస్తుంది. సినిమా పాటల్లో సగం ప్రేమ పాటలే కాబట్టి ‘నువ్వు’ లేని పాట అరుదు. నువ్వు ఉంటే వస్తావు, పోతావు, నవ్వుతావు తప్పవు. నవ్వు, పువ్వు అని వర్ణనలు వేరే. ఇట్లా పల్లవులు ‘వు’ దగ్గరికి వచ్చి ఆగుతుంటాయి. ఇక ‘వు’తో మొదలయ్యే మాట కావాలి. ఎక్కడిది? పరవస్తు చిన్నయసూరి 1858 నాటి ‘బాలవ్యాకరణం’లో తేల్చి చెప్పేశాడు: యకారమూ, వు వూ వొ వో అనే అక్షరాలూ అచ్చతెలుగు మాటలకు మొదట రావు. మనం ‘వుంది, వూరు’ అని రాసుకున్నా అవి నిజానికి ఉంది, ఊరు. అంటే ఈ ఆటలో ‘వు’ ఒక చివరి స్టేషను. బండి అక్కడికి వస్తుంది గానీ, అక్కడినుంచి ఏ బండీ బయలుదేరదు.

‘య’కు కూడా ఇదే శిక్ష పడాల్సింది. కృష్ణుడు ఆదుకున్నాడు. యమున, యశోద, యదువంశం అన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే. ‘జయభేరి’ (1959)లో ఘంటసాల పాడిన యమునాతీరం పాట ఎందరు ఆటగాళ్లను కాపాడిందో లెక్కలేదు. ‘వు’ను కాపాడటానికి సంస్కృతం కూడా ముందుకు రాదు.

జపానువాళ్లకూ ఇటువంటి ఆటే ఉంది. పేరు షిరితోరి, అంటే తోక పట్టుకోవడం. మాట చివరి అక్షరంతో ఇంకో మాట చెప్పాలి. సున్నా వంటి ‘న్’ అక్షరంతో ముగిసే మాట చెప్పినవాడు ఓడిపోయినట్టే, ఎందుకంటే దానితో మొదలయ్యే జపాను మాట లేదు. అది వాళ్ల ‘వు’ అన్నమాట! ఈ ఆటను వాళ్లు పాటలతోనూ ఆడతారు. ఒకే అక్షరంతో మొదలయ్యే పాటలను జాబితాలు కట్టుకొని కరవోకె గదుల్లో కూర్చుంటారు. (కరవోకె అంటే ఖాళీ ఆర్కెస్ట్రా. 1971లో కోబె నగరంలో ఇనౌయె దైసుకె అనే వాద్యకారుడు తయారుచేసిన పెట్టె దాని తొలి రూపాల్లో ఒకటి.) ఇంకో చిత్రం ఏమంటే, అచ్చ జపాను మాటలు ‘ర’తో మొదలుకావు. అందుకే అక్కడి గడుసువాళ్లు ఎదుటివాడికి అదేపనిగా ‘రు’ తగిలిస్తుంటారు.

ఇది చదివినప్పుడు నాకు మన పక్కనున్న తమిళం గుర్తొచ్చింది. పాత తమిళంలోనూ ర, ల అక్షరాలు మాటకు మొదట రావు. రాముణ్ణి కూడా ‘ఇరామన్’ అని రాసుకున్నారు. మరి దాని తోబుట్టువైన తెలుగులో ‘ర’తో, ‘ల’తో ఇన్ని మాటలెట్లా వచ్చాయి? తమిళంలో ‘ఇరండు’, మనకు ‘రెండు’. అక్కడ ‘ఉరల్’, ఇక్కడ ‘రోలు’. అక్కడ ‘ఉళ్’, ఇక్కడ ‘లో’. ముందున్న అచ్చు, దాని వెనక హల్లు చోటు మార్చుకున్నాయి. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1961లో ఇంగ్లీషులో అచ్చయిన తమ గ్రంథంలో, తెలుగు క్రియాధాతువులను పరిశీలిస్తూ, ఈ మార్పును విపులంగా చర్చించారు. మనకు ఆటలో దీనివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. మన పాటలు రా, లో, లే అని ఆగడం మామూలు. అప్పుడు ‘మిస్సమ్మ’ (1955)లో చందమామను పిలిచే పాట ‘రా’తో అందుకుంటుంది, ‘మాయాబజార్’ (1957)లో పడవ పాట ‘లా’తో అందుకుంటుంది, ‘గుండమ్మ కథ’ (1962)లో మహిళాలోకం పాట ‘లే’తో అందుకుంటుంది. వెనకటి మాటల్లో ఆ అక్షరాలు చోటు మార్చుకోకపోతే మన ఆట పదినిమిషాల్లో చాప చుట్టేసేది.

ఇక గొడవల సంగతి. అక్షరం అంటే హల్లు ఒక్కటేనా, గుణింతంతో సహానా? ‘లే’ వస్తే ‘లా’ పాడొచ్చునా? 1993లో జీ టీవీలో అన్నూ కపూర్ నడిపిన హిందీ కార్యక్రమంతో ఈ ఆట ఇల్లిల్లూ చేరింది. దాంతోపాటు హల్లు చాలుననే అలవాటూ వచ్చింది. హిందీకి అది సబబే. ఆ భాషలో మాట చివరి అకారం నోట్లోనే మింగుడుపడుతుంది, మిగిలేది హల్లే. మనకు అచ్చు గట్టిగా వినబడుతుంది. కాబట్టి గుణింతంతో ఆడితేనే తెలుగు ఆట అని నా అభిప్రాయం. కష్టమే, కాదనను. కష్టమైనచోట మన ఛందస్సే దారి చూపిస్తుంది. పద్యంలో యతికి ‘ణ’కు ‘న’, ‘ళ’కు ‘ల’ స్నేహితులు. వీణ అని ఆగితే ‘న’, వేళ అని ఆగితే ‘ల’ తీసుకుందాం. వ్యాకరణం మాట గౌరవించి ‘వు’కు బదులు ‘ఉ’ ఇద్దాం. మైత్రి ఉన్నచోట తగాదా దేనికి?

అన్నిటికన్నా పెద్ద తగాదా ఏ పాట చెల్లుతుందన్నది. నేను చూసిన ఒక పోటీలో ‘డు’ వచ్చింది. (వాడు, దేవుడు, చంద్రుడు... ‘డు’ కూడా గండమే.) ఒక పల్లెటూరి అమ్మాయి లేచి, సంక్రాంతికి గంగిరెద్దులవాళ్లు బసవన్నను ఆడించే పాట ‘డూ’తో ఎత్తుకుంది. హ్రస్వానికి దీర్ఘం ఇచ్చిందని అభ్యంతరం చెబితే అర్థముంది. కానీ న్యాయనిర్ణేత అన్నది వేరు: “సినిమా పాట కాదమ్మా, చెల్లదు.” ఆ అమ్మాయి తలవంచుకొని కూర్చుంది. నాకు మాత్రం అది సబబనిపించలేదు.

మా అమ్మ బడికి పోలేదు. శనగ చేన్లో కలుపు తీసేటప్పుడు, బుడ్డలు వొలిచేటప్పుడు గంటలకొద్దీ పాడుతుంది. ఒకసారి సెలవుల్లో మా ఇంట్లో ఆట పెట్టాము. నేనూ నా స్నేహితులిద్దరూ ఒక పక్క, అమ్మా మా అవ్వా ఒక పక్క. మాకు ‘జో’ వేస్తే మేము తడుముకున్నాం. అవ్వకు ‘జో’ వేస్తే జోలపాటలే జోలపాటలు. ‘గొ’ వేస్తే గొబ్బి పాట. ‘సై’ వేసి గెలిచామనుకున్నాం. అవ్వ పోకచెక్క బుగ్గనబెట్టుకొని, “ఇంతేనా రా అబ్బోడా?” అని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట ఎత్తుకుంది. 1847లో కోవెలకుంట్లలో ఉరితీసిన ఆ వీరుడి పాట మా పక్క పల్లెల్లో ‘సై’తోనే మొదలవుతుంది. 2019లో వచ్చిన సినిమాకు పేరు ఆ పాట నుంచి దొరికిందే గాని, సినిమా నుంచి పాటకు కాదు. రికార్డు లేని పాట పాట కాదంటే, మా అవ్వకు వచ్చిన వాటిలో ముక్కాలు మూడువంతులు లెక్కలోకి రావు. వాటిని ఎవరూ రాసి పెట్టలేదు. జ్ఞాపకంలో ఉన్నన్నాళ్లే ఉంటాయి.

అందుకని మన యూనియన్ వారికి ఒక మనవి. వచ్చే వార్షికోత్సవంలో అంత్యాక్షరి పెట్టినప్పుడు నియమాల కాగితం మీద ‘సినిమా పాటలు మాత్రమే’ అన్న మాట తీసేయండి. పద్యాలు, కీర్తనలు, కోలాటం, చెక్కభజన, నాట్లపాటలు అన్నీ రానీయండి. పల్లవి పూర్తయ్యేదాకా పాడాలి, తనకు వీలైన అక్షరం దగ్గర మధ్యలో ఆపేయకూడదు. సెల్‌ఫోన్లు బయట పెట్టాలి. వాటిలో అక్షరక్రమంలో జాబితాలు దొరుకుతున్నాయి, ఇక ఆడేది మనిషా, ఫోనా? ణ, ళ, వు గురించి పైన చెప్పినట్టే. ‘ఝ’కు మినహాయింపు అక్కర్లేదు, ‘సిరిసిరిమువ్వ’ (1976)లో ‘ఝు’తో మొదలయ్యే పాట ఉండనే ఉంది. ‘ఠ’తో పాట ముగించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు కనుక దానికి నియమం రాయలేదు.