జీవామృతం డ్రమ్ముకు 2 కిలోల బెల్లం.. మరి పిల్లల సీసాలో ఎంత?

జీవామృతం లెక్క మనలో ఎవరిని నిద్రలేపి అడిగినా చెప్తరు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, పిడికెడు గట్టు మట్టి. బెల్లం ఎందుకు వేస్తాం? సూక్ష్మజీవులకు వెంటనే అందే తిండి అది. అందుకే రెండు రోజుల్లో డ్రమ్ము నిండా పెరుగుతాయి. ఇప్పుడు లీటరుకు లెక్క కట్టండి. 10 గ్రాములు వస్తుంది.

కూల్ డ్రింక్ సీసా వెనక తిప్పి చూడండి. చాలావాటిలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10, 11 గ్రాముల చక్కెర ఉంటది. అంటే లీటరుకు వంద గ్రాములు దాటింది, మన డ్రమ్ముకు పదింతలు. ఆ లెక్కన జీవామృతం కలపాలంటే డ్రమ్ముకు 20 కిలోల బెల్లం కావాలి. ఏ రైతూ వేయడు. పిల్లగాడికి మాత్రం నిండు సీసా చేతికిస్తాం.

పైన వీడియోలో చూపించింది ఇదే. 250 మిల్లీలీటర్ల సీసాలో ఉండే చక్కెరను చెంచాతో కొలిచి గ్లాసులో పోసినం. ఆరు చెంచాలు దాటింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీలు తినే మనిషికి రోజుకు 25 గ్రాములు దాటితే అది ఎక్కువ చక్కెరే. చిన్నపిల్లలు అన్ని కేలరీలు తినరు కాబట్టి వాళ్ల హద్దు ఇంకా తక్కువ. ఒక్క సీసాతో ఆ రోజు కోటా అయిపోయింది. చాయ్, బిస్కెట్, చాక్లెట్ ఇంకా లెక్కలోకి రానేలేదు.

తాగే తీపితో ఇంకో చిక్కుంది. అదే 25 గ్రాముల తీపి జామకాయల్లో తినాలంటే పిల్లలు కాయ మీద కాయ నమలాలి, ఈలోపే పీచుతో కడుపు నిండుతది. సీసా రెండు నిమిషాల్లో ఖాళీ అవుతది, ఆకలి అట్లే ఉంటది, మళ్లీ అన్నం మామూలుగానే తింటరు. మిగిలిన శక్తిని ఒళ్లు కొవ్వుగా దాచుకుంటది. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఈ ఫ్రక్టోజ్ పని ఎక్కువగా కాలేయం మీద పడుతది, మోతాదు మించితే అక్కడే కొవ్వుగా మారుతది. బొద్దుగా ఉన్నరని మనం మురిసిపోయే పిల్లల్లో కొందరికి కాలేయంలో కొవ్వు, పదిహేనేళ్లకే టైప్ 2 షుగర్ వస్తున్నది ఇందుకే. చక్కెర ఒక్కటే కారణమని నేను అనను. ఫోన్ పట్టుకొని కూర్చోవడం, నూనె వేపుళ్లు, నిద్ర తక్కువ కావడం, అన్నీ ఉన్నయి. కానీ రేపటి నుంచే తగ్గించగలిగింది ఇది.

"మన మక్తల్ దిక్కు లావు పిల్లలెక్కడున్నరన్నా, సన్నగున్నోళ్లే ఎక్కువ" అని ఒక తమ్ముడు అడిగిండు. నిజమే, పాలమూరు అంటే వలసల నేల. కానీ ఒకే గల్లీలో ఒక ఇంట్లో బక్కపల్చని బిడ్డ, పక్కింట్లో ఊబకాయం పిల్లగాడు ఉండే రోజులు వచ్చినయి. ఇద్దరి చేతిలోనూ అదే ఐదు రూపాయల క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్. అమ్మానాన్న కూలికి పోతే పది రూపాయల నోటు ఇచ్చి పోతరు, వాళ్లను తప్పు పట్టలేం. ఇది మన దగ్గరి ముచ్చట ఒక్కటే కాదు. 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో తక్కువ బరువున్నోళ్ల కంటే ఊబకాయం ఉన్నోళ్లే ఎక్కువయ్యారని యూనిసెఫ్ 2025 సెప్టెంబర్‌లో చెప్పింది. 9.2 శాతానికి 9.4 శాతం. ప్రపంచం మొత్తం మీద ఇట్లా కావడం ఇదే మొదటిసారి. మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు మించిన బరువున్నోళ్లు 2015-16 సర్వేలో 2.1 శాతం ఉంటే, 2019-21 సర్వేకు 3.4 అయింది.

పేరు చూసి మోసపోవడం ఎట్లుంటదో హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి పోరాటంలో కనిపిస్తది. విరేచనాలైతే ఇచ్చే ఓఆర్‌ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. మన డ్రమ్ముకు దగ్గరగా ఉంది చూడండి! మెడికల్ షాపుల్లో మాత్రం పేరులోనే ఓఆర్‌ఎస్ పెట్టుకొని, దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న టెట్రా ప్యాక్ డ్రింకులు అమ్మేవాళ్లు. విరేచనాలైన బిడ్డకు అంత తీపి తాగిస్తే పేగుల్లోకి నీళ్లు లాగి ఇంకా ఎక్కువైతయి. ఆమె ఏళ్ల తరబడి వీడియోలు చేశారు, తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022లో ఒకసారి ఆపి, మళ్లీ చిన్న అక్షరాల హెచ్చరికతో అనుమతిచ్చిన ఎఫ్ఎస్ఎస్ఏఐ, చివరికి 2025 అక్టోబర్ 14న ఆ ఫార్ములా లేనిదానికి ఓఆర్‌ఎస్ అనే మాటే వాడొద్దని ఆదేశించింది.

ఇక మన సంగతికి వద్దాం. కంపెనీలను తిట్టడం సులువు. ప్రకృతి వ్యవసాయం పేరుతో మనం అమ్మే నువ్వుల ముద్దలు, రాగి లడ్డూలు, పల్లీ పట్టీల మీద ఏం రాస్తున్నాం? "చక్కెర లేదు, బెల్లంతో చేసినవి. పిల్లలు ఎన్నైనా తినొచ్చు." పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక అక్క వాట్సాప్ చేసింది. "తమ్ముడూ, మా బాబుకు పదకొండేళ్లు, బరువు ఎక్కువున్నడు. డాక్టర్ చక్కెర మానమన్నడు, అందుకే మీ లడ్డూలు రోజుకు నాలుగు పెడుతున్న" అని. మా లడ్డూ 30 గ్రాములు, అందులో బెల్లం 12 గ్రాములు. నాలుగంటే 48. రోజుకు ఒక్కటి కూడా ఎక్కువే అని, ముందు డాక్టర్‌ను అడగమని చెప్పిన. ఆర్డర్ తగ్గింది, తగ్గనీ.

బెల్లంలో నూటికి 80 పాళ్లకు పైగా తీపే. కేలరీలు చక్కెర కంటే కొంచెం తక్కువ, అంతే. ఐరన్ ఉంటది గదా అంటరు. 10 గ్రాముల బెల్లంలో సుమారు అర మిల్లీగ్రాము వస్తే గొప్ప. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 15 మిల్లీగ్రాములు కావాలి. బెల్లంతో అది నింపాలంటే పావు కిలోకు పైనే తినిపించాలి! తోటకూర, నువ్వులు, సజ్జ రొట్టె ఆ పని చేస్తయి. హైడ్రోస్ వేసి తెల్లబరిచిన బెల్లం కంటే నల్లబెల్లం మంచిది, నేనూ అదే కొంటా. కానీ అది మందులు తప్పించుకోవడానికి, బరువు తగ్గడానికి కాదు. తేనె, పండ్లరసం కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చక్కెర కిందకే వస్తయి. కొరికి తినే పండు రాదు.

మన అవ్వలు తీపి తినలేదా? తిన్నరు. ఉగాదికి బచ్చాలు, బతుకమ్మకు మలీద ముద్దలు, జాతరకు పోతే బత్తాసలు. ఏడాదిలో ఆ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతా దినాలు పొలం పని. ఇప్పుడు పండుగ రోజూ వస్తున్నది.

బడి నుంచి వచ్చిన పిల్లలకు ఏం పెట్టాలె? కార్తీకం దాటినంక పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టండి, పిల్లలు ఒలుచుకుంటూ కూర్చుంటరు. ఉడికించిన పల్లీలు, శనగ గుగ్గిళ్లు, జొన్న పేలాలు, జామకాయ, కాలంలో సీతాఫలం. దాహానికి మజ్జిగ. మనం పండించినవే ఇవన్నీ, బడుల దగ్గర చిన్న పొట్లాలు కట్టి అమ్మితే ముద్దల కంటే లాభం తక్కువేం కాదు. చక్కెర ఎంతో చూపించే బోర్డులు పెట్టమని సీబీఎస్ఈ 2025 మేలో తన బడులకు చెప్పింది. మన ఊరి బడిలో సార్‌ను అడిగి అలాంటిది ఒకటి పెట్టించొచ్చు, ఖర్చు ఒక చార్ట్, ఐదు గ్లాసులు.

ముద్దలు, పట్టీలు అమ్మేవాళ్లు ఈ రెండు సంగతులు చూసుకోండి. 100 గ్రాములకు అర గ్రాము దాటితే "షుగర్ ఫ్రీ" అని రాయకూడదు. బెల్లం, తేనె కలిపితే "చక్కెర కలపలేదు" అనడం కూడా నిబంధనలకు విరుద్ధమే. మా ప్యాకెట్ మీద ఇప్పుడు ముందు వైపే ఉంటది: "రాగి, పల్లీ లడ్డూ. 30 గ్రాముల లడ్డూలో బెల్లం 12 గ్రాములు."