ఉత్తుత్తి మందుతో పోటీ!

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. అయినా ఒంటిమీద ఎర్రటి మచ్చలూ రాలే పొట్టూ చూసి పక్కన కూర్చోడానికే జంకుతారు చాలామంది. నిజానికి తప్పంతా ఒంటిని కాపాడాల్సిన టి-కణాలది. శత్రువు లేకుండానే యుద్ధానికి దిగుతాయవి. దాంతో చర్మకణాలు నెలకు బదులు కొద్దిరోజుల్లోనే పుట్టుకొచ్చి పొరలు కడతాయి.

టి-కణాల మీదుండే సీడీ6 అనే ప్రొటీన్‌ను పట్టుకుని వాటిని శాంతింపజేసే మందే ఇటోలిజుమాబ్. క్యూబాలో పుట్టిన ఈ యాంటీబాడీని బెంగళూరు సంస్థ బయోకాన్ అభివృద్ధి చేసింది.

మరి పనిచేస్తుందా? తేల్చడానికి మనదేశంలో 225 మంది రోగులను మూడు జట్లుగా విడదీశారు. రెండు జట్లకు వేర్వేరు మోతాదుల్లో అసలు మందు. మూడో జట్టుకు 12 వారాలపాటు ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది ఎక్కిస్తున్నారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు.

దురద భరిస్తూ అన్నాళ్లు ఆగడం కష్టమే. కానీ ఈ జబ్బు తనంతట తానే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. పోల్చిచూడటానికి ఆ జట్టు లేకపోతే గొప్ప మందుదో కాదో తెలిసేదెలా?

వ్యాధి తీవ్రత ముప్పావువంతు తగ్గినవారు మందు జట్లలో 27, 36 శాతం. ఉత్తుత్తి జట్టులో సుమారు 2 శాతమే! తర్వాత వాళ్లకీ అసలు మందే ఇచ్చారు.

2013లో అది 'ఆల్జుమాబ్'గా మార్కెట్లోకొచ్చింది. దాని వెనక, ఆ 12 వారాలు ఓపికపట్టిన రోగులూ ఉన్నారు.