రోజుకు ఇరవై సెంట్ల కూలి

1939వ సంవత్సరం ఆగస్టు మాసం. యూరపు ఖండంపై యుద్ధమేఘాలు కమ్ముకొని ఉన్నవి. వియన్నా నగరం నుండి పదహారేండ్ల యూదు బాలుడొకడు పరాయి దేశానికి ప్రయాణమైనాడు. పేరు వాల్టర్ కోన్. సాగనంపిన తల్లిదండ్రులను అతడు మరల చూడలేదు. మూడు వారాలలో యుద్ధం ఆరంభమై ఆ దారి మూసుకొనిపోయింది.

1938 నవంబరులో జర్మనీ, ఆస్ట్రియాలలో యూదుల ఇండ్లపై, అంగళ్ళపై, ప్రార్థనామందిరాలపై ఘోరమైన దౌర్జన్యం జరిగింది. ఆ పిమ్మట బ్రిటిషు ప్రభుత్వం పదునేడేండ్ల లోపు పిల్లలను తమ దేశంలోనికి రానిచ్చుటకు అంగీకరించింది. పిల్లలను మాత్రమే, తల్లిదండ్రులను కాదు. యుద్ధం వచ్చులోగా సుమారు 10,000 మంది ఆ విధంగా ఒడ్డు చేరినారు. మెడలో నంబరు బిళ్ళ, చేతిలో ఒక పెట్టె. బిడ్డను బ్రతికించుకొనుటకు బిడ్డనే వదలుకొనవలసి వచ్చిన ఆ తల్లుల మాట చరిత్ర గ్రంథాలలో ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది.

వాల్టర్ తండ్రి కళాచిత్రాల పోస్టుకార్డులు ప్రచురించే వ్యాపారి. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకొన్న తరువాత నాజీలు ఆ వ్యాపారాన్ని లాగికొని, దానిని ఆయన చేతనే జీతం లేకుండా నడిపించినారు. కుమారుని బడినుండి వెళ్ళగొట్టినారు. అంతవరకు అతనికి ప్రీతిపాత్రమైనది లాటిన్ భాష. గణితమంటే ఆసక్తి లేదు. తక్కువ మార్కులు వచ్చినది ఆ ఒక్క విషయంలోనే!

మార్పు వచ్చినది తరువాత చేరిన యూదుల పాఠశాలలో. అక్కడ భౌతికశాస్త్రం చెప్పిన ఎమిల్ నోహెల్ ఒకప్పుడు ప్రాగ్ నగరంలో ఐన్‌స్టయిన్‌కు సహాయకుడుగా పనిచేసినవాడు. గణితం చెప్పినవాడు విక్టర్ సబాత్. గోడకు ఆవల వీధిలో హింస. గోడకు ఈవల ఆ ఇద్దరి పాఠం. రేపు ఏమగునో తెలియని పిల్లలకు శ్రద్ధగా భౌతికశాస్త్రం బోధించటంలో ఉన్న ధైర్యం సామాన్యమైనది కాదు. నోహెల్ తరువాత నాజీల నిర్బంధంలోనే ప్రాణాలు కోల్పోయినాడు.

ఇంగ్లండు చేరిన వాల్టర్ తాను వ్యవసాయదారుడు కావలెనని నిశ్చయించుకొన్నాడు. చదువుకొన్నవారు పనిలేక తిరగటం అతడు వియన్నాలో చూచి ఉన్నాడు. కెంటు ప్రాంతంలో ఒక క్షేత్రంలో పని నేర్చుకొనుచుండగా మెదడు పొరల వాపుతో జబ్బుపడినాడు. తరువాత ససెక్సులో తనకు ఆశ్రయమిచ్చిన కుటుంబం పంచన చేరి తిరిగి బడికి పోయినాడు. ఆ ఇంటివారు అతని తండ్రికి వ్యాపార పరిచితులు.

1940 మే నెలలో పోలీసులు అతనిని నిర్బంధించినారు. కాగితాలలో అతడు జర్మను పౌరుడు, కనుక శత్రువు. హిట్లరు తరిమివేసిన పిల్లవాడు హిట్లరు మనిషిగా లెక్కకు వచ్చినాడు! జూలైలో ఓడనెక్కించి కెనడాకు పంపినారు. అక్కడ ముళ్ళకంచెల నడుమ శిబిరజీవితం. అడవిలో చెట్లు నరికితే రోజుకు 20 సెంట్ల కూలి.

ఆ కూలిడబ్బు కూడబెట్టి అతడు రెండు పుస్తకాలు కొన్నాడు. ఒకటి హార్డీ రచించిన శుద్ధగణితం. రెండవది స్లేటరు రచించిన రసాయన భౌతికశాస్త్రం. నిర్బంధితులలో పండితులు అనేకులుండిరి. వారు శిబిరంలోనే బడి నెలకొల్పినారు. ఫ్రిట్జ్ రోత్‌బెర్గర్ అను గణితవేత్త సమితి సిద్ధాంతం బోధించేవాడు. కంచె లోపలినుండియే వాల్టర్ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలలో కృతార్థుడైనాడు.

1942 జనవరిలో విడుదలై టొరంటో విశ్వవిద్యాలయానికి వెళ్ళినాడు. అక్కడ మరొక చిక్కు. రసాయనశాస్త్ర భవనంలో యుద్ధపరిశోధనలు జరుగుచుండెను. జర్మను పౌరునికి ప్రవేశం లేదు. రసాయనశాస్త్రం లేనిదే భౌతికశాస్త్రపు కోర్సు పూర్తికాదు. గణితశాఖాధ్యక్షుడు సామ్యుయెల్ బీటీ పూనుకొని అతనిని తన శాఖలో చేర్చుకొన్నాడు. నియమం ఒక తలుపు మూసినది, మనిషి వేరొక తలుపు తెరచినాడు. యుద్ధం చివరి సంవత్సరంలో వాల్టర్ కెనడా సైన్యంలో పనిచేసినాడు. అతని తల్లిదండ్రులు ఆష్విట్స్‌లో హతులైనారు.

1948లో హార్వర్డులో డాక్టరు పట్టం, 1957లో అమెరికా పౌరసత్వం లభించినవి. ఆయన ప్రధాన కృషి 1964, 1965 సంవత్సరాలనాటిది. అణువులలోని ఎలక్ట్రానుల నడవడిని ఒక్కొక్కదానికి విడివిడిగా గణించటం దుస్సాధ్యం. పది ఎలక్ట్రానులుంటే ముప్పది చరరాశులు. అట్లుగాక అంతరిక్షంలో ఒక్కొక్క బిందువువద్ద ఎలక్ట్రాను సాంద్రత ఎంతయో తెలిసిన చాలునని, అందుకు మూడు చరరాశులే సరిపోవునని కోన్, ఆయన సహచరులు నిరూపించినారు. నేడు కొత్త మందులను, లోహమిశ్రమాలను కంప్యూటరుపై పరిశీలించేవారు ఈ పద్ధతిని నిత్యం వాడుచున్నారు.

1998లో కోన్‌కు, జాన్ పోపుల్‌తో కలిపి, నోబెల్ బహుమతి ఇచ్చినారు, అది రసాయనశాస్త్రంలో! ఆ సందర్భంలో వ్రాసిన ఆత్మకథలో ఆయన నిర్బంధశిబిరంలో కొన్న పుస్తకాలను మరువలేదు. ఆ రెండును అప్పటికి ఆయన అలమారులోనే ఉన్నవి.