వద్దన్న ముద్ద వెనుక

పుట్టినప్పుడు సుమారు 3 కిలోలు తూగిన శిశువు ఏడాది నిండేసరికి దాదాపు 9 కిలోలకు చేరుతుంది గాని, ఆ తరువాతి ఏడాది పొడవునా పెరిగే బరువు రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా దానికి తగ్గట్టు తగ్గుతుందన్న సంగతి తెలియక, నిన్నటిదాకా గిన్నెడు తిన్న బిడ్డ ఇవాళ నాలుగు ముద్దలకే మూతి తిప్పుకుంటున్నాడని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ప్రకాశం జిల్లా సింగరాయకొండలోనైనా హైదరాబాదులోనైనా ‘మా వాడు ఏమీ తినడు’ అన్న బెంగ చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

దీనికి తోడు, రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య పిల్లల్లో కొత్త తిండి అంటే జంకు బలంగా ఉంటుంది. దీన్ని శాస్త్రజ్ఞులు నవాహార భీతి అంటారు. నడక వచ్చి, కంటికి కనిపించినదల్లా నోట పెట్టుకోగల వయసులో తెలియని వస్తువును, ముఖ్యంగా చేదు రుచిని, దూరం పెట్టడం ప్రాణరక్షణకు పనికివచ్చే సహజగుణం. అందుకే మెంతికూర, కాకర వంటివి ముందుగా తిరస్కారానికి గురవుతాయి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లీయాన్ బర్చ్, ఆమె బాటలో నడిచిన పరిశోధకులు గమనించినదేమంటే, ఒక కొత్త పదార్థం పిల్లల నాలుకకు అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్ల దాకా రుచి చూపవలసి రావచ్చు. చాలా ఇళ్లలో రెండు మూడు సార్లు వద్దనగానే ‘వాడికి అది పడదు’ అన్న తీర్పు వెలువడుతుంది, ఆ కూర మళ్లీ ఆ కంచం చేరదు.

మిరప పండే మన మైదానాల్లో మరో చిక్కు ఉంది. పెద్దలు తినే గోంగూర, వంకాయ కూర, చేపల పులుసు పసినాలుకకు మంటే గనుక బిడ్డకు పెరుగన్నమో నెయ్యి వేసిన ముద్దపప్పో విడిగా కలిపి పెడతారు. అలా ఏళ్లు గడిచి, కూరగాయ రుచే ఎరగని పిల్లవాడు బడి ఈడుకు వస్తాడు. ఆకుకూర పప్పు ఉడికిన తరువాత, కారం వేయకముందే బిడ్డ వాటా తీసి ఉంచి, నెలలు గడిచేకొద్దీ కారాన్ని చిటికెడు చిటికెడుగా అలవాటు చేయడం దీనికి తేలికైన విరుగుడు. ప్రకాశం జిల్లా మెట్ట పొలాల శనగలు గుగ్గిళ్లుగా ఉడికించి మెదిపి, పాకల సముద్రతీరాన దొరికే చిన్న చేపలు ముళ్లు తీసి మెత్తగా, ఒకప్పుడు పెద్దల కంచాల్లో నిత్యమున్న రాగులు జావగా ఈ వయసుకు చక్కగా నప్పుతాయి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే ఆవుపాలలో ఉండేది 120 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అన్నం తినడం లేదన్న దిగులుతో గ్లాసు మీద గ్లాసు పాలు పట్టించడం మాత్రం మేలు చేయదు. పాలలో ఇనుము బహు తక్కువ, పైగా అవి ఆకలిని చంపుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేల్చిన మాట ఇక్కడ మరువరానిది.

ఇంట్లో జావ వద్దన్న బిడ్డే బడిలో తాగడం చూసి తల్లులు ఆశ్చర్యపోతారు గాని, దానికి కారణం ఉంది. తమకు నచ్చని కూరగాయను ఇష్టంగా తినే తోటివారి మధ్య కొన్నాళ్లు కూర్చోబెడితే చిన్నపిల్లలు తామూ దాన్ని ఎంచుకోసాగారని బర్చ్ 1980లో నిరూపించారు; పంక్తి భోజనం బలం అదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికి 2020లో రోజుకొక వంటకం చొప్పున పట్టిక ఏర్పరచి, తల్లి మునివేళ్లతో కలిపి పెట్టే ముద్దను గుర్తుచేసేలా గోరుముద్ద అని పేరు పెట్టారు. 2023 మార్చిలో రాగి జావ చేర్చారు. 2024లో ఆ పథకం, గోదావరి లంకల్లో ఆకలన్నవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు దాల్చింది. పేర్లు మారినా, గుడ్డూ పప్పూ కూరగాయలూ నలుగురితో కలిసి తినే అలవాటు పిల్లలకు దక్కడమే ఇందులో అన్నిటికన్నా విలువైనది.

ఇంట్లో ఆ పంక్తి స్థానం కుటుంబానిది. సెల్‌ఫోను ముందు నోట కుక్కిన ముద్ద కడుపు నింపవచ్చు గాని, బిడ్డ దాని రుచినీ తన ఆకలినీ గుర్తించడు. చందమామను చూపి తినిపించిన రోజుల్లో కనీసం తల్లి ముఖం, ఆమె మాట ఎదుట ఉండేవి. ‘కూర తింటే చాక్లెట్ ఇస్తా’ అన్న బేరం కూరను శిక్షగా, చాక్లెట్‌ను బహుమానంగా నిలబెడుతుంది. అమెరికా వైద్యురాలు క్లారా డేవిస్ 1920లలో మొదలుపెట్టిన ప్రయోగంలో, పాలు మాన్పిన 15 మంది పసిపిల్లల ఎదుట 34 రకాల పదార్థాలు ఉంచి ఏది ఎంత తింటారో వారికే వదిలేయగా, పూటపూటకూ విచిత్రంగా తిన్నా వారంతా ఆరోగ్యంగా పెరిగారు; అయితే ఆ 34లో మిఠాయి గాని, బిస్కత్తు గాని లేవు. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించి, ఎంత తినాలన్నది బిడ్డకు వదలాలన్న నేటి పోషకాహార నిపుణుల సలహాకు ఆ ప్రయోగం గట్టి ఆధారం. బడ్డీకొట్టు పొట్లాలు భోజనానికి గంట ముందు చేతికందితే మాత్రం ఈ పద్ధతి నిలవదు.

బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా, తినే పదార్థాలు వేళ్ల మీద లెక్కించగలిగినన్నింటికే కుదించుకుపోయినా అది వయసు తెచ్చిన పేచీ కాదు, శిశువైద్యునికి చూపవలసిన స్థితి. బిడ్డ ఎంత తిన్నాడో ముద్దలు లెక్కించేకన్నా, అంగన్‌వాడీలో నెలనెలా తూచి గుర్తించే ఎదుగుదల పట్టికలో గీత పైకి సాగుతున్నదా లేదా అని చూడడం నమ్మదగిన కొలత.