గోకితే తీరని దురద

కిడ్నీ జబ్బంటే ముఖం ఉబ్బడం, కాళ్లవాపు, ఆయాసం అని అందరికీ తెలుసు. దురద సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. మా అత్తగారికి డయాలసిస్ మొదలై ఏడాది తిరక్కుండానే మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద బాధ అదే అయి కూచుంది. సూదిపోట్లు ఓర్చుకుంది, చప్పిడి కూరలు ఓర్చుకుంది. అలాంటి మనిషి రాత్రి రెండింటికి లేచి తలుపు చెక్కకి వీపు రుద్దుకుంటుంటే చూడలేకపోయేదాన్ని.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊళ్లో అడిగినా కిడ్నీ జబ్బు మనిషి ఉన్న ఇల్లు చూపిస్తారు. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించారు. ఇంత జబ్బు మధ్య బతుకుతున్నా, దురద కూడా అందులో భాగమేనని మా వాళ్లలో చాలామందికి తెలియదు.

నాకు తెలిసింది డయాలసిస్ గది బయట వరండాలోనే. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగ్గంటలు అక్కడ కూచుంటాం మేమంతా. కోడళ్లు, భార్యలు, కూతుళ్లు. ఓ రోజు ఒకావిడ ఉన్నట్టుండి, "రాత్తిరంతా గోకుడేనమ్మా. ఆయనకీ నిద్దర నేదు, నాకూ నిద్దర నేదు" అంది. అంతే, ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఒకరింట్లో దువ్వెనతో గోకుతున్నారట, ఇంకొకరింట్లో కొబ్బరిపీచుతో. అన్నాళ్లూ ఒకరితో ఒకరు అనకుండా ఎలా ఉన్నామో! డయాలసిస్ చేయించుకునేవాళ్లలో పదిమందికి దాదాపు నలుగురిని ఈ దురద గట్టిగానే బాధపెడుతుందని పలు దేశాల్లో జరిపిన సర్వేలు చెబుతున్నాయి. వాళ్లలో డాక్టరుకి చెప్పనివాళ్లూ ఉన్నారు.

ఆడవాళ్లు మరీ చెప్పరు. నలుగురిలో గోక్కోవడం సిగ్గు. జాకెట్టు అంచు, లంగా బొందు ఒరుసుకునే చోట దురద రేగితే ఎవరికి చూపిస్తారు? మా అత్తగారు పేరంటాలకి వెళ్లడమే మానేసింది. ఓ ఇంట్లో ఈవిడ చేతుల మీది గీతలు చూసి పక్కన కూచున్నావిడ చాప మీంచి కాస్త జరిగిందట. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి తన కంచం, సబ్బు, తువ్వాలు వేరే పెట్టుకుంది. ఎవరూ పెట్టమనలేదు.

అందుకే ముందు ఈ మాట చెప్పాలి. ఇది అంటుకోదు. గజ్జి అంటుకుంటుంది, అది వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న చిన్న పొక్కులతో మొదలై ఇంట్లో మిగతావాళ్లకీ వస్తుంది. కిడ్నీ దురదకి ముందు ఒంటి మీద ఏమీ కనబడదు. పొక్కు లేదు, దద్దురు లేదు. ముందు దురద, గోకాక పుండు. ఎక్కువగా వీపు, చేతులు, పొట్ట, ఒక్కోసారి ఒళ్లంతా. రెండువైపులా వస్తుంది. రాత్రిపూట, ఉక్కపోతకి ఎక్కువ. కొందరికి డయాలసిస్ మిషను మీద ఉండగానే రేగుతుంది. అయినా సరే, ఇది కిడ్నీ దురదే అని ఇంట్లోనే తేల్చేసుకోకూడదు. కామెర్లలో, థైరాయిడ్ తేడాలో, ఐరన్ తక్కువైనప్పుడూ దురద రావచ్చు. డాక్టరు చూడాల్సిందే.

"రక్తం చెడిపోయింది" అని మా వైపు ఒక్క మాటలో తేల్చేస్తారు. అసలు సంగతి అంత సులువు కాదు. కిడ్నీలు పాడైతే చర్మంలోని చెమట, నూనె గ్రంథులు చిన్నబోయి ఒళ్లు ఎండిపోతుంది. బయటికి పోవాల్సిన మలినాలు ఒంట్లో నిలుస్తాయి. భాస్వరం, పారాథైరాయిడ్ హార్మోను పెరిగినవాళ్లలో కొందరికి దురద ఎక్కువవుతుంది. దురదని మోసే నరాలు కూడా అదుపు తప్పుతాయి. ఎలర్జీలో దురద పుట్టించే హిస్టమిన్ ఇక్కడ ప్రధాన కారణం కాదు. కాబట్టే మందులషాపులో ఇచ్చే ఎలర్జీ మాత్ర చాలామందికి మగత తెస్తుందే తప్ప దురద తీర్చదు.

సరే, ఏం చేశామో చెబుతాను. మొదట స్నానం మార్చాం. మా అత్తగారికి పొగలు కక్కే నీళ్లు, సున్నిపిండి నలుగు లేనిదే స్నానం చేసినట్టే ఉండదు. వేడినీళ్లు పడుతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది, అరగంట తర్వాత చూడాలి ఆ దురద! ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు, ఘాటు వాసనలేని సబ్బు, పది నిమిషాల్లో స్నానం ముగింపు. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే కొబ్బరినూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయాలి. ఆ చెమ్మలోనే ఉంది కిటుకంతా. పూర్తిగా ఆరాక రాస్తే అంత ఫలితం ఉండకపోవచ్చు. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. మా ఊళ్లో కొబ్బరినూనెకి కొదవేముంది! వీపుకి రాయడం నా పని. ఆ పావుగంటలోనే మా ఇద్దరికీ ఊరి కబుర్లన్నీ అయిపోతాయి.

గోళ్లు పొట్టిగా కత్తిరించాం. పాలియెస్టరు చీరలు పక్కన పెట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు బయటికి తీశాం. దురద రేగినచోట గోకే బదులు తడిగుడ్డ వేస్తే కాసేపు సర్దుకుంటుంది. ఫిస్టులా చెయ్యి విషయంలో మాత్రం నేను పోలీసునే. అక్కడ గోకితే చీము పట్టొచ్చు, చీము పడితే డయాలసిస్‌కే ఎసరు. డయాలసిస్ రోజున ఆ చేతికి నూనె రాయం. సబ్బుతో కడిగి తీసుకెళతాం.

తిండి దగ్గర చిక్కొచ్చింది. జీడితోట ఉన్న ఇంట్లో జీడిపప్పు వద్దనడం, కొబ్బరి చెట్ల కింద కూచున్న మనిషికి కొబ్బరినీళ్లు వద్దనడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. జీడిపప్పులో భాస్వరం ఎక్కువ. కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియం డయాలసిస్ మనిషి గుండెకే ముప్పు తేగలదు. "ఒళ్లు చల్లబడుతుంది, తాగవే" అని పక్కింటి పెద్దమ్మ ప్రేమగా చెంబు అందిస్తే కాదనలేక నా తల ప్రాణం తోకకొచ్చేది. నీళ్లు ఎక్కువ తాగితే దురద తగ్గుతుందనే సలహా కూడా వీళ్లకి పనికిరాదు, ఆయాసం ముంచుకొస్తుంది. నల్లటి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిళ్లలో కలిపే భాస్వరం అయితే ఒంటికి ఇట్టే పడుతుంది. అవి పూర్తిగా మాన్పించాం. పాలు, పప్పు, ఎండుచేపలు ఎంతవరకు తినొచ్చో డైటీషియన్ని అడిగి కొలత పెట్టుకున్నాం. అన్నీ మానేస్తే మనిషి నీరసించిపోతుంది మరి.

భాస్వరం తగ్గించే మాత్రలు తిండితోపాటే వేసుకోవాలి. తిండిలోని భాస్వరాన్ని కడుపులోనే పట్టి ఉంచడం వాటి పని. పరగడుపున వేసుకుంటే అక్కడ పట్టడానికి ఏముంటుంది? మా వరండాలో సగంమంది మాత్రలన్నీ కలిపి పొద్దున్నే ఒక్క గుక్కలో మింగేస్తున్నారని మాటల్లో తేలింది. అలాగే పండగనో పెళ్లనో ఒక డయాలసిస్ మానేసిన వారం దురద రెట్టింపవుతోందని చెప్పినవాళ్లూ ఉన్నారు.

ఇన్ని చేసినా మా అత్తగారికి సగమే తగ్గింది. అప్పుడు డాక్టరు గాబాపెంటిన్ రాశారు. మూర్ఛకీ, నరాల నొప్పికీ వాడే మందు అది, ఈ దురదకీ పనిచేస్తుంది. కిడ్నీల ద్వారా బయటికి పోయే మందు కాబట్టి వీళ్లకి చాలా తక్కువ మోతాదులో, డయాలసిస్ అయ్యాక ఇస్తారు. ఎక్కువైతే తూలి పడిపోతారు. పక్క మంచం మనిషికి పనిచేసిందని మనం కొనుక్కొచ్చి వేసేది కాదు. కొందరికి అతినీలలోహిత కిరణాల చికిత్స చేస్తారు. ఈ దురద కోసమే తయారైన డైఫెలికెఫాలిన్ అనే ఇంజక్షనుకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. నాటు పసర్ల జోలికి మాత్రం పోవద్దు. మిగిలిన కాస్త కిడ్నీ పనీ వాటితో పోవచ్చు. షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది.

డాక్టరు దగ్గర "దురదగా ఉందండీ" అంటే సరిపోదు. వారంలో ఎన్ని రాత్రులు నిద్ర లేదు, పదికి ఎన్ని మార్కుల దురద, ఏ వేళకి ఎక్కువ, ఇవి చెప్పండి. మేము క్యాలెండరు మీద రోజూ ఒక అంకె వేసేవాళ్లం. ఎనిమిదులూ తొమ్మిదులూ ఉన్న చోట ఇప్పుడు మూడూ నాలుగూ పడుతున్నాయి. మగ డాక్టరుకి వీపు చూపించడానికి మొహమాటమైతే ముందు నర్సుకి చూపించండి. గోకిన చోట ఎర్రబడి వేడెక్కినా, చీము కారినా, చలిజ్వరం వచ్చినా, మర్నాటి డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.